కొనుక్కున్నవాళ్లకు చోటు లేని తగాదా

ఒకరోజు పొద్దున్నే ఫోన్‌లో ఒక సందేశం వచ్చింది. రెండేళ్ల కిందట కొన్న స్మార్ట్ దీపాల యాప్ అప్‌డేట్ అయిందనీ, ఇకమీదట కొన్ని సదుపాయాలు పనిచేయకపోవచ్చనీ. ఏ సదుపాయాలో అందులో లేదు. రాత్రి పడుకునే ముందు తెలిసింది. ఇంట్లో దీపాలన్నీ ఒకేసారి ఆర్పే బటన్ స్క్రీన్ మీద కనిపించలేదు. ఒక్కో దీపాన్నీ వెతికి విడిగా ఆర్పాలి. నేను ఆ సామాను కొన్నదే ఆ ఒక్క బటన్ కోసం. లేచి నడవలేని పెద్దావిడ ఇంట్లో ఉంది, మంచం మీద నుంచే అన్నీ ఆర్పుకుంటుందని. కంపెనీకి రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. అందులో పనికొచ్చే ముక్క ఒక్కటే: ఇంకొకరితో ఉన్న పేటెంట్ వివాదం వల్ల ఆ బటన్ తీసేశారు.

ఆ తగాదాలో నేను వాదిని కాను, ప్రతివాదిని కాను. నాకు సామాను అమ్మినవాళ్లూ, వాళ్లను నిలదీసినవాళ్లూ ఏదో తేల్చుకున్నారు. దాని కష్టం మాత్రం మా ఇంట్లో మంచం మీదున్న మనిషికి వచ్చింది. అప్పటినుంచి దిగుమతి వస్తువుల మీద పేటెంట్ కేసులు ఏవి కనిపించినా చదువుతున్నాను. చదివేకొద్దీ దారులన్నీ ఎక్కువగా ఒక చోటికే వెళ్తున్నాయి. అది అమెరికాలోని ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్. అందరూ ఐటీసీ అంటారు. అది కోర్టు కాదు, ప్రభుత్వ సంస్థ. కానీ ఒక వస్తువు ఆ దేశంలోకి రావాలో వద్దో తేల్చేయగలదు.

దాని అధికారం 1930 నాటి టారిఫ్ చట్టంలోని సెక్షన్ 337 నుంచి వచ్చింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో దిగుమతి సుంకాలను విపరీతంగా పెంచిన చట్టం అదే. ఆ సుంకాలు తర్వాత తగ్గిపోయాయి, ఈ సెక్షన్ మిగిలింది. దిగుమతి వ్యాపారంలో అన్యాయ పద్ధతులు ఉంటే అడ్డుకోవాలన్నది దాని సారం. ఇప్పుడు అక్కడికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పేటెంట్లవే. హక్కుదారు ఫిర్యాదు చేస్తాడు, ఒక న్యాయాధికారి విచారణ జరుపుతారు, ఆ తర్వాత కమిషనర్లు తుది నిర్ణయం చెబుతారు. మామూలుగా ఏడాదిన్నర అటూఇటూగా తేలిపోతుంది. నష్టపరిహారం ఇప్పించే అధికారం ఐటీసీకి లేదు. దాని చేతిలో ఉన్న పెద్ద ఆయుధం దిగుమతి నిషేధం. ఉత్తర్వు వెళ్తే రేవుల్లో, విమానాశ్రయాల్లో కస్టమ్స్ వాళ్లు సరుకు ఆపేస్తారు. దేశాధ్యక్షుడికి 60 రోజుల గడువు ఉంటుంది, కావాలంటే ఆ లోపు రద్దు చేయొచ్చు. ఆ 60 రోజులూ దిగుమతిదారు బాండు, అంటే పూచీ సొమ్ము, కట్టి సరుకు తెచ్చుకోవచ్చు. ఈ బాండు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

దేశీయ పరిశ్రమను దిగుమతుల నుంచి కాపాడే వాణిజ్య రక్షణ చర్యల గాటనే సెక్షన్ 337ను కూడా కడుతుంటారు. నాకు మొదట అనుమానం వచ్చింది ఇక్కడే. యాంటీ డంపింగ్ సుంకం వేయాలంటే ఎన్ని రుజువులు కావాలో చూడండి. వస్తువును అసలు విలువకన్నా తక్కువకు అమ్ముతున్నారని లెక్కతో చూపాలి. దేశంలోని పరిశ్రమకు నష్టం జరుగుతోందని చూపాలి. ఆ నష్టానికి ఈ దిగుమతులే కారణమని కూడా చూపాలి. ఇవన్నీ నిలబడితే పడేది సుంకం. సరుకు రావడం ఆగదు, ఖరీదు పెరుగుతుంది. అదీ ఐదేళ్లకోసారి సమీక్షకు నిలబడాలి. సెక్షన్ 337లో ఒకప్పుడు నష్టం రుజువు చేయాల్సి ఉండేది. 1988లో చట్టం మార్చి, పేటెంట్ కేసుల్లో ఆ షరతు ఎత్తేశారు. అంటే సుంకం వేయడానికి నష్టం చూపాలి, పూర్తిగా నిషేధించడానికి మాత్రం అక్కర్లేదు. ఆ నిషేధం పేటెంట్ గడువు తీరేదాకా ఉండొచ్చు. పెద్ద శిక్షకు చిన్న రుజువు చాలనే ఈ ఏర్పాటు నాకు ఎంత ఆలోచించినా సబబుగా అనిపించలేదు.

అభ్యంతరం చెప్పింది నేనొక్కడినే కాదు. అరామిడ్ అనే గట్టి నారల మీద డ్యూపాంట్, ఆక్జో కంపెనీల మధ్య వచ్చిన తగాదా ముదిరి, యూరప్ దేశాలు గాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం కింద ఫిర్యాదు చేశాయి. 1989లో గాట్ ప్యానెల్ అమెరికాను తప్పుబట్టింది. దేశంలో తయారైన వస్తువు మీద పేటెంట్ కేసు అయితే కోర్టుకే వెళ్లాలి. బయటి నుంచి వచ్చిన వస్తువైతే కోర్టుకూ లాగొచ్చు, కమిషన్‌కూ లాగొచ్చు, రెండు చోట్లా ఒకేసారి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఇది సమానంగా చూడటం కాదని ప్యానెల్ అంది. 1994లో అమెరికా చట్టాన్ని కొంత సవరించింది. కేసు ఇన్నాళ్లలో తేల్చాలన్న కచ్చితమైన గడువులు తీసేసింది, అవే పేటెంట్ల మీద కోర్టులో ఉన్న కేసును ప్రతివాది ఆపించుకునే వీలు ఇచ్చింది. నిషేధమే మొదటి శిక్ష అన్న సూత్రం మాత్రం అలాగే ఉంది.

ఆ సూత్రం ఎంత బలమైనదో 2006 తర్వాత ఇంకా బాగా కనబడింది. ఆ ఏడు ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. పేటెంట్ ఉల్లంఘన రుజువైనంత మాత్రాన అమ్మకాలు ఆపేయమని కోర్టు వెంటనే ఉత్తర్వు ఇవ్వకూడదు. డబ్బుతో సరిపోతుందా, ఆపితే ఎవరికి ఎంత కష్టం, జనం మేలు ఎటుంది, ఇవన్నీ తూచాలి. అంటే కోర్టులో గెలిచిన హక్కుదారుకు డబ్బు వస్తుంది, నిషేధం రాకపోవచ్చు. 2010లో స్పాన్షన్ కేసులో పేటెంట్ల అప్పీలు కోర్టు ఈ పరీక్ష ఐటీసీకి వర్తించదంది. దాంతో కోర్టులో దొరకనిది కమిషన్‌లో దొరుకుతుందని అందరికీ తెలిసిపోయింది. అదే పేటెంట్, అదే వస్తువు, అదే ఉల్లంఘన. ఏ తలుపు తట్టారన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

ఇప్పుడు ఆపిల్ వాచ్ సంగతి. మాసిమో అనే కంపెనీ ఆసుపత్రుల్లో వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పరికరాలకు పేరుపడ్డది. ఆపిల్ 2020లో సిరీస్ 6 గడియారంతో మణికట్టు దగ్గరే ఆక్సిజన్ చూపించడం మొదలుపెట్టింది. 2021లో మాసిమో ఐటీసీకి వెళ్లింది. 2023 అక్టోబర్ 26న కమిషన్ ఆపిల్ ఉల్లంఘించిందని తేల్చి నిషేధం విధించింది. అధ్యక్షుడి తరఫున రద్దు అధికారం చూసే అప్పటి వాణిజ్య ప్రతినిధి కేథరిన్ టై దాన్ని రద్దు చేయలేదు. క్రిస్మస్ ముందు ఆపిల్ సిరీస్ 9, అల్ట్రా 2 అమ్మకాలు ఆపేసింది. అప్పీలు కోర్టు తాత్కాలికంగా స్టే ఇవ్వగానే మళ్లీ మొదలుపెట్టింది. జనవరిలో స్టే పోయాక, 18వ తేదీ నుంచి ఆ ఒక్క సదుపాయం తీసేసిన గడియారాలు అమ్మింది.

ఇక్కడ కాసేపు ఆగి, ఆ గడియారం లోపల ఏముందో చూడండి. కాంతి పంపే దీపాలు ఉన్నాయి, తిరిగొచ్చిన కాంతిని పట్టుకునే సెన్సర్లు ఉన్నాయి. వస్తువులో ఏదీ తక్కువ కాలేదు, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం మూసేశారు. 2023 డిసెంబర్ మొదట్లో కొన్న మనిషికి ఆక్సిజన్ అంకె కనిపిస్తుంది. అదే దుకాణంలో, అదే మోడల్, 2024 ఫిబ్రవరిలో కొన్న మనిషికి కనిపించదు. ఇంకో దేశంలో కొన్నవాళ్లకు కనిపిస్తుంది. ఇది 2025 ఆగస్టు దాకా సాగింది. అప్పుడు ఆపిల్ ఒక ఉపాయం చేసింది. గడియారం కొలుస్తుంది, లెక్క ఫోన్‌లో జరుగుతుంది, అంకె ఫోన్‌లో కనిపిస్తుంది. ఇలా అయితే నిషేధం కిందికి రాదని కస్టమ్స్ ఒప్పుకుంది. మాసిమో కస్టమ్స్ మీదే దావా వేసింది. అదే ఏడాది నవంబర్‌లో ఈ కొత్త ఏర్పాటు కూడా నిషేధం కిందికి వస్తుందా అని ఐటీసీ మళ్లీ విచారణ తెరిచింది.

మణికట్టు మీద అంకె కనబడితే తప్పు, ఫోన్‌లో కనబడితే ఒప్పు అన్న మాటకు చట్టంలో ఏదో అర్థం ఉండొచ్చు. పేటెంట్ హక్కు దాని వాక్యాల్లోని మాటల మీదే నిలబడుతుంది కాబట్టి ఉంటుంది కూడా. కానీ శ్వాస ఇబ్బంది ఉండి ఆ గడియారం కొనుక్కున్న మనిషికి ఆ అర్థంతో పనేముంది? ఆ మనిషి ఎవరి ఆవిష్కరణనూ దొంగిలించలేదు. పూర్తి ధర చెల్లించాడు.

మాసిమో తరఫున చెప్పాల్సిన మాట బలమైనది, దాన్ని దాటేసి వెళ్లడం నాకు ఇష్టం లేదు. పెద్ద కంపెనీలకు కోర్టు కేసు అంటే భయం లేదు. ఏళ్ల తరబడి సాగదీయగలవు. చివరికి డబ్బు కట్టమన్నా, అప్పటికి ఆ మార్కెట్ అంతా వాళ్లదై ఉంటుంది. ముందు వాడేసుకుందాం, పట్టుబడితే కడదాం అన్న లెక్క వేసుకునే కంపెనీకి, నష్టపరిహారం మరో ఖర్చు పద్దుగానే కనిపిస్తుంది. అలాంటి చోట సరుకు రేవులో ఆగిపోతుందన్న టెన్షన్ ఒక్కటే చిన్న కంపెనీ మాట వినేలా చేస్తుంది. దీన్ని నేను ఒప్పుకుంటాను. సొంతంగా ఏదైనా కనిపెట్టి, దాన్ని ఇంకొకరు వాడుకుంటుంటే చూస్తూ కూర్చున్నవాళ్ల బాధ చిన్నది కాదు.

కానీ డబ్బుకు బలం లేదన్న మాటను మాత్రం ఒప్పుకోను. ఈ రెండు కంపెనీల మధ్యే, ఇంకో పేటెంట్ మీద, 2025 నవంబర్‌లో కాలిఫోర్నియాలో జ్యూరీ 63.4 కోట్ల డాలర్లు కట్టమని ఆపిల్‌కు చెప్పింది. ఆపిల్ అప్పీలుకు వెళ్తానంది, అది వేరే సంగతి. ఆ తీర్పు వల్ల ఎవరి మణికట్టు మీదా ఏ అంకే మాయం కాలేదు. తప్పు చేశారని తేలినవాళ్ల జేబులోంచి, నష్టపోయారని తేలినవాళ్ల జేబులోకి డబ్బు వెళ్లాలని అంది. పేటెంట్ న్యాయం ఆ గీత మీదే నడవాలని నా పట్టు.

నిషేధానికి ఇంకో చిక్కు ఉంది. పేటెంట్ నిలబడుతుందో లేదో తేలకముందే దాన్ని విధించేయవచ్చు. అలైవ్‌కోర్ అనే చిన్న కంపెనీ గుండె లయ కొలిచే పద్ధతి మీద ఆపిల్‌తో పోరాడి 2022 డిసెంబర్‌లో ఐటీసీలో గెలిచింది. అదే నెలలో పేటెంట్ కార్యాలయం బోర్డు ఆ పేటెంట్లే చెల్లవంది. కమిషన్ తన నిషేధాన్ని అప్పీళ్లు తేలేదాకా ఆపి ఉంచింది, అది మంచి పని. 2025లో అప్పీలు కోర్టు కూడా పేటెంట్లు చెల్లవనే చెప్పింది. ఆపి ఉంచకపోయి ఉంటే, చెల్లని హక్కు పేరుతో రెండేళ్లకు పైగా సరుకు రేవుల్లో నిలిచిపోయేది. నిషేధాన్ని ఇలా ఆపి ఉంచడం కమిషన్ ఇష్టాయిష్టాల మీద కాకుండా నియమంగా ఉండాలి.

అయితే నిషేధమే సరైన మందు అయిన చోట్లు ఉన్నాయి. నురుగు చెప్పుల క్రాక్స్ కంపెనీ 2006లో ఐటీసీకి వెళ్లింది. అనుకరణలు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నాయి. ఒకరి మీద కేసు గెలిస్తే ఇంకో పేరుతో ఇంకొకరు పంపుతారు. వాళ్లను కోర్టుకు ఈడ్చి డబ్బు కట్టించడం అయ్యే పని కాదు. ఇలాంటి వాటికోసమే ఎవరు పంపినా సరే ఆ సరుకు రావద్దనే సార్వత్రిక నిషేధం ఉంది. 2011లో క్రాక్స్‌కు అది దొరికింది. మధ్యలో కమిషన్ ఉల్లంఘన లేదంది. చెప్పు మీది రంధ్రాలు, పట్టీ వెడల్పు మాటల్లో వర్ణించుకుని, ఆ వర్ణనతో పోల్చి చూసింది. మాటలు పక్కనపెట్టి రెండు చెప్పుల ఆకారం పక్కపక్కన చూడమని అప్పీలు కోర్టు 2010లో దిద్దింది. చెప్పు విషయంలోనే కమిషన్ తడబడితే, సాఫ్ట్‌వేర్ లెక్క ఎక్కడ జరుగుతోందో కస్టమ్స్ అధికారి ఎలా తేలుస్తారు?

సార్వత్రిక నిషేధం మంచిదే అన్నాను కదా, సెగ్వే కథ చదివాక ఆ మాట మీద కూడా కొంచెం తగ్గాను. రెండు చక్రాల మీద నిలబడి వెళ్లే ఆ బండి తయారుచేసే అమెరికా కంపెనీ 2014లో చైనా కంపెనీల మీద ఫిర్యాదు చేసింది. వాటిలో నైన్‌బాట్ ఒకటి. కేసు నడుస్తుండగానే 2015 ఏప్రిల్‌లో నైన్‌బాట్ సెగ్వేనే కొనేసింది. నిన్నటి ప్రతివాది ఇవాళ ఫిర్యాదుదారుకు యజమాని అయ్యాడు. 2016 మార్చిలో సార్వత్రిక నిషేధం వచ్చింది. చైనా కంపెనీ చేతిలో ఉన్న పేటెంట్లతో మిగతా చైనా కంపెనీల సరుకు అమెరికాలోకి రాకుండా ఆగింది. ఐటీసీలో ఫిర్యాదు చేసేవాళ్లు దేశీయ పరిశ్రమ ఉందని చూపాలి. అందుకు కావలసింది ఆ దేశంలో పెట్టుబడి, పని, పరిశోధన లాంటివి. యజమాని ఏ దేశంవాడన్నది ప్రశ్న కాదు. కాబట్టి చట్ట ప్రకారం తప్పేమీ లేదు. నా ప్రశ్న చట్టానికే. దేశీయ పరిశ్రమను కాపాడే వాణిజ్య రక్షణ అని పేరు పెట్టుకుని, ఇద్దరు దిగుమతిదారుల మధ్య పోటీలో ఒకరిని గెలిపించే పనికి ఇది వాడుకలోకి వస్తే, ఆ పేరు ఎందుకు ఉంచుకోవాలి?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది ఫ్యూజీ కెమెరాల కేసు. ఒకసారి వాడి పారేసే కెమెరాలు ఉండేవి. ఫిల్ము అయిపోగానే కెమెరా మొత్తం స్టూడియోకు ఇచ్చేస్తే వాళ్లు ఫిల్ము తీసుకుని, డొల్ల పక్కన పడేసేవాళ్లు. కొందరు ఆ ఖాళీ డొల్లలు సేకరించి, పై అట్ట విప్పి, కొత్త ఫిల్ము వేసి, ఫ్లాష్‌కు కొత్త బ్యాటరీ పెట్టి, లెక్క చూపే చక్రం మొదటికి తిప్పి, అతికించి, కొత్త అట్ట తొడిగి మళ్లీ అమెరికాలోకి పంపేవాళ్లు. ఫ్యూజీ 1998లో ఐటీసీకి వెళ్లింది. అది పేటెంట్ వస్తువును కొత్తగా తయారు చేయడమే అని కమిషన్ 1999లో నిషేధం ఇచ్చింది. జాజ్ ఫోటో అనే దిగుమతిదారు అప్పీలుకు వెళితే 2001లో కోర్టు చాలామటుకు తిరగేసింది. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు కొన్నవాళ్లకు ఉంటుందనీ, ఫిల్ము మార్చడం బాగుచేయడమేననీ అంది. అయితే మొదట అమెరికాలో అమ్మిన డొల్లలకే ఈ మాట వర్తిస్తుందంది. వేరే దేశంలో మొదట అమ్ముడైన డొల్ల తిరిగివస్తే ఉల్లంఘనే.

ఒకేలాంటి రెండు డొల్లలు. ఏది ఎక్కడ మొదట అమ్ముడైందో డొల్లను చూసి ఎవరు చెప్పగలరు? రేవులో పెట్టె తెరిచిన మనిషి ఆ లెక్క తేల్చాలి. ఈ తేడా 2017లో గానీ పోలేదు. ప్రింటర్ల టోనర్ పెట్టెల మీద లెక్స్‌మార్క్ కేసులో సుప్రీంకోర్టు, కంపెనీ తన వస్తువును ప్రపంచంలో ఎక్కడ అమ్మినా దాని మీద పేటెంట్ హక్కు అక్కడితో తీరిపోతుందంది. ఫ్యూజీ ఉత్తర్వుకూ దీనికీ మధ్య 18 ఏళ్లు. పారేయాల్సిన ప్లాస్టిక్‌ను మళ్లీ పనికి తెచ్చే కష్టజీవుల పనిని ఇన్నేళ్లు అనుమానంగా చూశాం.

జనం మేలు చూడాలని సెక్షన్ 337లోనే రాసి ఉంది. ప్రజారోగ్యం, పోటీ, వినియోగదారులు, అన్నీ ఉన్నాయి. ఎవరైనా తమ అభిప్రాయం పంపొచ్చు కూడా. కానీ ఆ కారణంతో కమిషన్ నిషేధాన్ని నిరాకరించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇంధన కొరత రోజుల్లో, 1979లో, కారు ఇంజన్ల భాగాలు సానపట్టే యంత్రాలు. 1980లో అణు పరిశోధనకు కావలసిన గొట్టాలు. 1984లో కాలిన గాయాల రోగుల ఆసుపత్రి మంచాలు. ఇంట్లో వాడే మామూలు వస్తువు ఏదీ వీటిలో లేదు. అధ్యక్షుడి వైపు నుంచి రద్దు కూడా అరుదే. 2013 ఆగస్టులో శాంసంగ్ పేటెంట్ మీద పాత ఐఫోన్లకు పడిన నిషేధాన్ని వాణిజ్య ప్రతినిధి మైఖేల్ ఫ్రోమన్ రద్దు చేస్తే, అలాంటిది 1987 తర్వాత అదే మొదటిసారి. ఆ పేటెంట్ అందరూ వాడక తప్పని నెట్‌వర్క్ ప్రమాణానికి చెందింది కాబట్టి రద్దు చేశారు.

నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. ప్రతివాది ఎవరో తెలియనప్పుడు, కోర్టుకు చిక్కనప్పుడు నిషేధం ఉండనివ్వండి. ప్రతివాదికి పేరు, చిరునామా, కట్టగల స్తోమత ఉన్నప్పుడు ఈబే పరీక్ష కమిషన్‌కూ వర్తించాలి. ముందు చెప్పిన బాండు గుర్తుందా? ఆ 60 రోజులు దిగుమతిదారు బాండు కట్టి తెచ్చుకోవచ్చని చట్టమే అంటోంది. ఆ పద్ధతినే పొడిగించండి. ఉల్లంఘించని డిజైన్ తయారయ్యేదాకా, పేటెంట్ మీద అప్పీళ్లు తేలేదాకా ప్రతి వస్తువుకూ ఇంత అని బాండు కట్టనివ్వండి. హక్కుదారు గెలిస్తే ఆ డబ్బు అతనికి చెందాలి. బాండు మొత్తం సరిగ్గా పెడితే ఎంత పెద్ద కంపెనీ అయినా త్వరగా బేరానికి వస్తుంది.

ఇప్పటికే అమ్మేసిన వస్తువుల సంగతి వేరుగా రాయాలి. 2022 జనవరిలో సోనోస్ అనే స్పీకర్ల కంపెనీ ఐటీసీలో గూగుల్ మీద గెలిచింది. గూగుల్ ఒక అప్‌డేట్ పంపి, ఒకేసారి అన్ని స్పీకర్ల శబ్దం పెంచే తగ్గించే సదుపాయం తీసేసింది. అప్పటికే ఇళ్లలో ఉన్న స్పీకర్లకు కూడా. దిగుమతి నిషేధం రాబోయే సరుకుది. ఇంట్లో ఉన్న వస్తువు సరిహద్దు ఎప్పుడో దాటింది. అలా తీసేస్తే కొన్నవాళ్లకు అందుకు తగ్గ డబ్బు తిరిగి ఇవ్వాలని ఉత్తర్వులోనే ఒక వాక్యం ఉండాలి. ఐటీసీకి ఇప్పుడు ఆ అధికారం లేకపోతే చట్టం ఇవ్వాలి. ఆ ఖర్చు తమ మీద పడుతుందంటే తగాదాకు దిగేముందు ఇద్దరూ లెక్క వేసుకుంటారు.

మా ఇంట్లో దీపాల బటన్ తిరిగి రాలేదు. పెద్దావిడ మంచం పక్కన ఇప్పుడు గోడకు ఒక పాతకాలం స్విచ్ పెట్టించాం. ఆ గదిలో ఉన్న ఒక్క దీపం ఆరుతుంది. మిగతావి నేను లేచి వెళ్లి ఆర్పుతున్నాను.